చింతగింజంత గుర్రం కోసం

1969లో పసిఫిక్ మహాసముద్రంలోని న్యూ కాలెడోనియాలో, నుమెయా ఆక్వేరియం కోసం నమూనాలు సేకరించే జార్జ్ బార్జిబాన్ సముద్రం అడుగు నుంచి ఒక సీ ఫ్యాన్‌ని పైకి తెచ్చాడు. సీ ఫ్యాన్ అంటే విసనకర్రలా కొమ్మలు పరుచుకుని పెరిగే ఒక రకం పగడం. దాన్ని దగ్గరగా పరిశీలిస్తుంటే, కొమ్మలకి తోకలు చుట్టుకుని ఒక సముద్రపు గుర్రాల జంట కనిపించింది. వాటి పొడవు రెండు సెంటీమీటర్లకి కాస్త అటూ ఇటూ. కొమ్మ ఏ రంగో అవీ అదే రంగు, కొమ్మ మీద ఎలాంటి బుడిపెలున్నాయో వాటి ఒంటి మీదా అలాంటి బుడిపెలే. మరుసటి ఏడాది ఆయన పేరు మీదే ఆ జాతికి హిప్పోకాంపస్ బార్జిబాంటి అని నామకరణం జరిగింది. సీ ఫ్యాన్ పైకి రాకపోయి ఉంటే ఇంకెన్నేళ్లు ఎవరి కంటా పడకుండా ఉండేవో.

ఇలాంటి బుల్లి సముద్రపు గుర్రాలను పిగ్మీలు అంటారు. 2000 తర్వాత వీటిలో కొత్త జాతులు ఒకదాని వెనుక ఒకటి బయటపడ్డాయి. వాటికి పెట్టిన పేర్లు చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. 2003లో డెనీస్ జాతికి ఆ పేరు అండర్‌వాటర్ ఫొటోగ్రాఫర్ డెనీస్ టాకెట్ మీదుగా వచ్చింది. అదే ఏడాది ఆస్ట్రేలియా వాళ్ల లార్డ్ హోవ్ దీవి దగ్గర దొరికిన జాతికి ఫొటోగ్రాఫర్ నెవిల్ కోల్‌మన్ పేరు పెట్టారు. 2008 నాటి పొంటోహి పేరు ఇండోనేషియాలోని బునాకెన్‌లో డైవర్లను నీళ్లలోకి తీసుకెళ్లే గైడ్ హెన్స్ పొంటోది. ఆ ఏడాదే వచ్చిన సటోమియే పేరు సటోమీ ఓనిషి అనే మరో డైవ్ గైడ్‌ది. జపాన్‌లోని హచిజో దీవి దగ్గర డైవర్లు ఎప్పటినుంచో ఫొటోలు తీసుకుంటూ ముద్దుగా ‘జపాన్ పిగ్’ అని పిలుచుకున్న బుడతడికి 2018లో శాస్త్రీయంగా జపాపిగు అనే పేరే ఖాయమైంది. దాని పొడవు 1.6 సెంటీమీటర్లు, అంటే సుమారు ఒక చింతగింజ.

ఇంత చిన్న జీవులు వలకి చిక్కవు, చిక్కినా ఎవరూ గుర్తుపట్టరు. వీటి విషయంలో పరిశోధక నౌకల కంటే సరదాకి నీళ్లలో దిగినవాళ్ల కెమెరాలే ముందున్నాయి. అయితే ఆ కెమెరా పట్టుకున్న మనిషి వల్లనే వాటికి హానీ జరుగుతోంది. ఆ హాని ఎక్కడినుంచి వస్తోందన్న దగ్గర మాత్రం చాలామంది లెక్క తప్పుతున్నారు. వేళ్లనీ ఫిన్‌లనీ (ఈతకి కాళ్లకి తొడుక్కునే రెక్కలు) వదిలేసి ఫ్లాష్‌ని తిడుతున్నారు.

పేరు గురించి ఒక మాట. తెలుగులో నీటిగుర్రం అంటే హిప్పోపొటమస్. ఇక్కడ చెప్పుకుంటున్నది సముద్రపు గుర్రం, తమిళ జాలర్లు కడల్ కుదిరై అనేది. హిప్పోపొటమస్‌లోనూ హిప్పోకాంపస్‌లోనూ ఉన్న ‘హిప్పో’ గ్రీకులో గుర్రమే కనుక గందరగోళం మనది మాత్రమే కాదు. ఇంతకీ ఇది చేప. గుర్రం తల, కోతి తోక, కంగారూ సంచి, ఒళ్లంతా పొలుసులకి బదులు ఎముక పలకలు. ఇవన్నీ ఉన్నా చేపే.

ఈత విషయంలో దీనంత అసమర్థ చేప ఇంకోటి ఉండదేమో. వీపు మీది చిన్న రెక్కను సెకనుకి 35 సార్ల దాకా ఆడించినా ముందుకి కదిలేది అంగుళాల లెక్కనే. అందుకే తోకతో దేన్నో ఒకదాన్ని చుట్టుకుని ఉండిపోతుంది. గడ్డి పరకో, స్పాంజో, తాడు ముక్కో ఏదైనా సరే. చాలా జంతువుల తోకలు గుండ్రంగా ఉంటే దీని తోక అడ్డుకోతలో చతురస్రంగా ఉంటుంది. అలా ఉండటం వల్ల పట్టు బాగా దొరుకుతుందనీ, నలిగినా తట్టుకుంటుందనీ 2015లో ఇంజినీర్లు నమూనాలు చేసి మరీ చూపించారు. పళ్లు లేవు, జీర్ణాశయమూ లేదు. తిన్నది పేగుల్లోంచి అలా సాగిపోతుంది కనుక పగలంతా తింటూనే ఉండాలి. కంటికి ఆనని రొయ్యపిల్లలాంటివి ముక్కు దగ్గరికొచ్చే వరకు బొమ్మలా ఆగి, తల ఒక్కసారి పైకెగరేసి గొట్టంలాంటి మూతితో లాగేసుకుంటుంది. కొన్ని మిల్లీసెకన్లలో అయిపోయే పని అది.

పరుగెత్తలేనిది దాక్కోవాలి. వెతికేవాడి కష్టమంతా అక్కడ మొదలవుతుంది.

ఈ వెతుకులాటకి పేరుమోసిన చోటు ఇండోనేషియాలోని లెంబే జలసంధి. సులవేసి దీవి ఉత్తర కొసన, బితుంగ్ రేవు పట్టణానికీ లెంబే దీవికీ మధ్య సుమారు 16 కిలోమీటర్ల పొడవున సాగే సన్నటి పాయ. క్యాలెండర్ బొమ్మల్లో ఉండే నీలం నీళ్లు, రంగురంగుల పగడాల తోటలు అక్కడ ఆశించకూడదు. అగ్నిపర్వతాల బూడిద కలిసిన నల్ల ఇసుక, దాని మీద కొబ్బరి చిప్పలు, గాజు సీసాలు, పడవల నుంచి జారిన తాళ్లు. మొదటిసారి దిగినవాడికి డబ్బులు దండగయ్యాయేమో అనిపించే దృశ్యం. ఇలాంటి చోట డైవ్ చేయడాన్నే మక్ డైవింగ్ అంటారు. బురద డైవింగ్ అనుకోవచ్చు.

తీరా గైడ్ ఆగి, చేతిలోని సన్నటి లోహపు పుల్లతో ఇసుక వైపు చూపిస్తాడు. అక్కడేమీ ఉండదు. ఇంకాస్త దగ్గరికి వెళ్లి చూస్తే కుళ్లిన ఆకు ముక్కకి కన్ను ఉంటుంది. అది ఆకు కాదు, ఘోస్ట్ పైప్‌ఫిష్. స్పాంజ్ అనుకున్నది ఆవులిస్తుంది. అది ఫ్రాగ్‌ఫిష్. కొబ్బరి చిప్ప మూత తీసి లోపలినుంచి ఆక్టోపస్ చూస్తుంది. పాములాగా, బల్లపరుపు చేపలాగా వేషాలు మార్చే మిమిక్ ఆక్టోపస్ 1998లో మొదటిసారి శాస్త్రజ్ఞుల కంటపడింది సులవేసి తీరంలోనే. ఈ ఇసుక మీదే ఎండుగడ్డి రంగులో ముళ్ల సముద్రపు గుర్రం తిరుగుతుంటుంది. పిగ్మీలు మాత్రం ఇసుకలో ఉండవు. వాటికి సీ ఫ్యాన్ కావాలి, సీ ఫ్యాన్‌లు సాధారణంగా ఇంకా లోతుకి, ప్రవాహం తగిలే నిటారు రాతి గోడల మీద ఉంటాయి.

నడుమెత్తు సీ ఫ్యాన్‌లో వందలాది కొమ్మలు, కొమ్మకి వందల బుడిపెలు. అందులో ఒక బుడిపెకి కన్ను ఉందని గైడ్ చూపించాక కూడా, రెండుసార్లు కనురెప్ప వేస్తే మళ్లీ పోతుంది. గైడ్‌లకి అది పట్టుబడటంలో మాయ ఏమీ లేదు. పెద్దయిన బార్జిబాంటి ఒక సీ ఫ్యాన్ ఎక్కాక జీవితమంతా దాన్ని వదలదు. ఏ గోడ మీద ఎన్నో సీ ఫ్యాన్‌లో ఏ వైపు ఏ జంట ఉందో రోజూ దిగే గైడ్‌కి ఇంటి చిరునామాలా తెలుస్తుంది. ఈ పరిశ్రమ నిలబడిందే ఆ జ్ఞాపకశక్తి మీద. మక్ డైవింగ్ వల్ల ఆగ్నేయాసియాకి ఏటా 15 కోట్ల డాలర్లకు పైగా వస్తోందని 2017లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. పగడాల అందం లేని బూడిద నేలకి అది చిన్న మొత్తం కాదు.

ఇప్పుడు గడియారం సంగతి. 30 మీటర్ల లోతున ఒత్తిడి ఉపరితలం మీద ఉన్నదానికి నాలుగింతలు. ప్రతి శ్వాసకీ సిలిండర్‌లోంచి నాలుగింతల గాలి ఖర్చవుతుంది. మామూలు అల్యూమినియం సిలిండర్‌లో సుమారు 2,200 లీటర్ల గాలి పడుతుంది. పైన నిమిషానికి 17, 18 లీటర్లు పీల్చే మనిషి అక్కడ 70 లీటర్లు లాగేస్తాడు. పైకి రావడానికి పావు వంతు దాచుకుంటే అడుగున మిగిలేది ఇరవై నిమిషాల పైచిలుకు. ఒంట్లో కరిగే నైట్రోజన్ లెక్క కూడా దాదాపు అక్కడే ఆపుతుంది. వినోద డైవింగ్ పట్టికల్లో 30 మీటర్ల దగ్గర మధ్యలో ఆగకుండా పైకి రాగలిగే గడువు 20 నిమిషాలు. దిగడం, ఈదుకుంటూ గోడ దగ్గరికి చేరడం, ఊపిరి సర్దుకోవడం పోగా గుర్రం ముందు గడిపేది పది నిమిషాలు. వరుసలో ఇంకో ముగ్గురు కెమెరాలతో ఉంటే రెండున్నర. పైగా ఆ లోతున నైట్రోజన్ మత్తు కొద్దిగా తలకెక్కుతుంది. చిన్న నిర్ణయం కూడా ఆలస్యంగా తెగుతుంది. నీళ్లలో జరిగే పొరపాట్లలో సగానికి మూలం ఈ తొందరే.

ఆ కాస్త సమయంలో కెమెరా చేయాల్సిన పని తేలికది కాదు. నీరు ముందు మింగేది ఎరుపుని. పది మీటర్లు దాటేసరికి ఎర్రటి వస్తువు బూడిద రంగులోకి వెళ్లిపోతుంది. పాతిక మీటర్ల లోతున గులాబీ రంగు సీ ఫ్యాన్ కంటికి మాసిన నీలంగానే అనిపిస్తుంది. కెమెరా పక్కన పెట్టిన స్ట్రోబ్ (నీళ్లలో వాడే ఫ్లాష్) వెలిగినప్పుడే, ఆ వెయ్యో వంతు సెకనులో, అసలు రంగు బయటపడుతుంది. ఆ వెలుగు కూడా వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు రెండుసార్లు నీటిని దాటాలి కనుక దూరం ఎంత తగ్గితే రంగు అంత నిండుగా వస్తుంది. జూమ్ చేసి దూరం నుంచి తీయడం ఇక్కడ పనికిరాదు.

అందుకని చిన్నవాటిని అతి దగ్గరి నుంచి తీసే 60 లేదా 105 మిల్లీమీటర్ల మాక్రో లెన్స్. 60 అయితే జీవికి దాదాపు ఆనించాలి, 105 అయితే జానెడు దూరం మిగులుతుంది. భయపడే జీవికి ఆ జానెడే ప్రాణం. అంత దగ్గరలో ఫోకస్ నిలిచే మందం ఒకటి రెండు మిల్లీమీటర్లు. లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/22 దాకా మూసినా గొప్పగా పెరగదు. కన్ను స్పష్టంగా ఉంటే మూతి మసక, మూతి కుదిరితే కన్ను పోతుంది. కన్నే కావాలన్నది మాక్రో తీసేవాళ్లందరూ ఒప్పుకునే మాట. అలా మూసిన రంధ్రంతో, సెకనులో 200వ వంతు షట్టర్‌తో చుట్టూ ఉన్న సహజ వెలుతురు కెమెరాకి అసలు అందదు. వెనకంతా కాటుకలా నల్లగా వచ్చే ఫొటోల రహస్యం ఇదే, అవి రాత్రి తీసినవి కానక్కర్లేదు. స్ట్రోబ్‌ని లెన్స్ పక్కనే నిటారుగా పెడితే నీళ్లలోని నలకలన్నీ మెరిసి ఫొటో మీద మంచు కురిసినట్టు ఉంటుంది. కాస్త ఎడంగా జరిపి బయటికి తిప్పితే ఆ బాధ చాలావరకు తప్పుతుంది. హౌసింగ్ (కెమెరాకి నీరు తగలకుండా కాపాడే పెట్టె) మూసేటప్పుడు రబ్బరు ఓ-రింగ్ మీద ఒక్క వెంట్రుక పడిందా, లక్షల ఖరీదు చేసే కెమెరా ఉప్పునీటి పాలు. ఇంత ఖర్చు పెట్టలేనివాళ్లు ఒలింపస్ టీజీ రకం చిన్న కెమెరాలతోనే పిగ్మీలను పట్టేస్తున్నారు. ఫొటో బాగా వచ్చేది కెమెరా ధర వల్ల కాదని ఒప్పుకోవడం ఖరీదైనది కొన్నవాళ్లకే కష్టం.

అసలు కావాల్సింది బోయన్సీ. మునగకుండా, తేలకుండా ఒకే చోట నిలబడటం. ఊపిరి పీలిస్తే డైవర్ కొద్దిగా పైకి లేస్తాడు, వదిలితే దిగుతాడు. రెండు మిల్లీమీటర్ల ఫోకస్ కోసం చూస్తున్నప్పుడు ఆ కొద్దీ పెద్దదే. నిలదొక్కుకోలేనివాడు ఏం చేస్తాడు? ఒక చేత్తో రాయి పట్టుకుంటాడు, మోకాలు ఇసుకలో ఆనిస్తాడు, వెనక ఫిన్‌లు ఏం తొక్కుతున్నాయో చూడడు. ఏళ్లకేళ్లు మెల్లగా పెరిగిన సీ ఫ్యాన్ కొమ్మ ఫిన్ తగిలి ఒక్క క్షణంలో విరుగుతుంది. జీవితమంతా దాని మీదే గడిపే గుర్రానికి అది ఇల్లు కూలిపోవడం.

సముద్రపు గుర్రం మొహం తిప్పేసుకుంటుంది. ఈ సంగతి తీసినవాళ్లందరికీ తెలుసు. లెన్స్ ఇటు వస్తే అది అటు తిరిగి వీపు చూపిస్తుంది, డైవర్ చుట్టూ తిరిగి వస్తే మళ్లీ వీపే. పారిపోవడం చేతకాని జీవి చేయగలిగిన నిరసన అంతవరకే. పారిపోలేదు కదా, ఇబ్బంది లేదనుకునేవాళ్లున్నారు. ఇంకొందరు గైడ్ చేత పుల్లతో సర్దించి మొహం ఇటు తిప్పించుకుంటారు. టిప్పు మీద బతికే గైడ్ కాదనలేడు. అలా చేయించిన ఫొటో చూస్తే తెలిసిపోతుంది. తోక దేన్నీ పట్టుకోకుండా గాల్లో వేలాడుతుంటుంది, లేదా కొమ్మ చివర ఎప్పుడూ ఉండని చోట ఉంటుంది.

ఫ్లాష్ గొడవకి వద్దాం. కనురెప్పలు లేని జీవి మీద అంత వెలుగు కొడితే గుడ్డిదైపోతుందని డైవర్లలో గట్టి నమ్మకం. బ్రిటన్‌లో 2008 నుంచి సముద్రపు గుర్రాలకి చట్టరక్షణ ఉంది, ఫ్లాష్ వాడొద్దన్నది అక్కడి అధికారుల మాట. కానీ కొలిచి చూసినవాళ్లకి వేరే ఫలితం వచ్చింది. ఆస్ట్రేలియాలో డేవిడ్ హరాస్టీ బృందం వైట్స్ సీహార్స్ అనే జాతి మీద చూసి, 2013లో ప్రచురించిన అధ్యయనంలో ఫ్లాష్ వల్ల వాటి ప్రవర్తనలోగానీ, ఆ చోటు వదిలిపోవడంలోగానీ చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చింది. 2019లో మార్టెన్ డి బ్రావర్ బృందం ఇంకా లోతుకి వెళ్లి, ఫ్లాష్‌లు తగిలిన సముద్రపు గుర్రాల కంటి పొరలను కూడా పరీక్షించింది. నష్టం కనబడలేదు. ఆగ్నేయాసియా నీళ్లలో వాళ్లు చూసిన చేపలు మనిషి దగ్గరికి రావడానికే బెదిరాయి, ఫ్లాష్ కొత్తగా కలిపిందేమీ పెద్దగా లేదు. అవి అన్నిటికంటే గట్టిగా స్పందించింది చేత్తో తాకినప్పుడు, కదిపినప్పుడు.

దీన్ని ఎన్ని ఫ్లాష్‌లైనా కొట్టవచ్చన్న అనుమతిగా తీసుకోవడం అతి తెలివి. పరీక్షించినవి పెద్ద జాతులు, చింతగింజలు కావు. పగలంతా తింటూ ఉండాల్సిన జీవి ముందు పదిమంది వరుసకడితే వెలుగు సంగతి ఎలా ఉన్నా తిండి సమయం పోతుంది. అయినా ఒక సంగతి స్పష్టం. ఫ్లాష్ ఆపేసి పుల్లతో గుర్రాన్ని తిప్పించుకునే డైవర్ కంటే, రెండు ఫ్లాష్‌లు కొట్టి చేయి తగలనివ్వకుండా వెనక్కి వెళ్లిపోయేవాడే నయం. నిషేధాలు రాసేవాళ్లకి ఫ్లాష్ మీద రాయడం తేలిక, బోయన్సీ మీద రాయడం కష్టం.

ఓపిక ఉన్నవాళ్లకి దొరికేది వేరే స్థాయిలో ఉంటుంది. చాలా జాతుల్లో ఆడా మగా తెల్లవారుతూనే కలుసుకుని, రంగులు మార్చుకుంటూ, తోకలు పెనవేసుకుని కాసేపు చిందులేస్తాయి. రోజూ జరిగే పలకరింపు అది. గర్భం మోసేది మగది. ఆడది గుడ్లను మగదాని పొట్ట మీది సంచిలో వదిలేసి వెళుతుంది, కొన్ని వారాల తర్వాత మగది పురిటి నొప్పులు పడుతున్నట్టే ఒళ్లు ముడుచుకుంటూ పిల్లల్ని బయటికి చిమ్ముతుంది. కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్ ఆక్వేరియంలో 2014లో పిగ్మీలను మొదటిసారి పెంచి చూసినప్పుడు, పిల్లలు తల్లిదండ్రుల రంగుని కాకుండా తాము వాలిన సీ ఫ్యాన్ రంగునే తెచ్చుకున్నాయి. పుట్టుకతో వచ్చే రంగు కాదు, అద్దెకొచ్చిన ఇంటి సున్నం.

మన వైపుకి వస్తే, తమిళనాడు పాక్ జలసంధిలో, మన్నారు సింధుశాఖలో జాలర్లు ఒకప్పుడు గడ్డి మైదానాల్లాంటి సముద్రపు గడ్డిలో మునిగి చేతులతో వీటిని ఏరేవారు. ఎండబెట్టినవి చైనా సంప్రదాయ వైద్యానికి ఎగుమతి అయ్యేవి. 2001లో భారత వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చడంతో, పులికి ఉన్న స్థాయి రక్షణ కాగితం మీద వీటికీ వచ్చింది. ఎండిపోయినదాన్ని ముచ్చటకి ఇంట్లో పెట్టుకున్నా నేరమే. అంతర్జాతీయ వ్యాపారం మీద సైటిస్ ఒప్పందం అదుపు 2004 నుంచి అమల్లో ఉంది. అయితే చట్టానికి దొరికేది చేత్తో ఏరేవాడు, ట్రాలర్ కాదు. రొయ్య కోసం అడుగంతా ఊడ్చే వలలో గుర్రం కూడా వస్తుంది, వచ్చేసరికి చచ్చి ఉంటుంది. ప్రపంచం మొత్తం మీద ఏటా కనీసం 3.7 కోట్ల సముద్రపు గుర్రాలు వేటలో పోతున్నాయని 2017 నాటి ఒక అంచనా. దాని పక్కన డైవర్ల ఫిన్‌ల నష్టం సోదిలోకి రాదు. కాకపోతే అది ఆపగలిగిన నష్టం.

కోస్తాంధ్ర నీళ్లలో మాక్రో ఫొటోగ్రఫీ కష్టమే. విశాఖ రుషికొండ దగ్గర డైవింగ్ నేర్పుతున్నారు గానీ, నదులు తెచ్చే ఒండ్రుతో మసకబారే సముద్రంలో రెండు సెంటీమీటర్ల జీవిని వెతకడం అదృష్టం మీద ఆధారపడ్డ పని. నేర్చుకోవడానికి మాత్రం అదే మంచి చోటు. మసక నీళ్లలో బోయన్సీ నిలబెట్టుకోగలిగినవాడు తేట నీళ్లలో ఎక్కడైనా నిలబెట్టుకుంటాడు. అక్కడ డైవింగ్ అర్హత కార్డు తీసుకున్న తెలుగువాళ్లు తర్వాత ఎక్కువగా వెళ్లేది అండమాన్‌కి.

ఇక ఆఫ్రికా కథ. 2017లో దక్షిణాఫ్రికాలోని సోద్వానా బే దగ్గర సవానా నలు ఒలివియర్ అనే డైవింగ్ శిక్షకురాలు ఇసుక, నాచు మధ్య ఒక బుల్లి జీవిని ఫొటో తీసింది. ఆ ఫొటో చేతులు మారి శాస్త్రజ్ఞులకి చేరింది. వాళ్లు వచ్చి వెతికారు. 12 నుంచి 17 మీటర్ల లోతులోనే, అలల ఊపుకి కొట్టుకుపోతూ ఇసుక మీద పడుతూ లేస్తూ కనిపించింది. సీ ఫ్యాన్ లేదు, ప్రశాంతమైన గోడ లేదు. ఆగ్నేయాసియాలోని దగ్గరి బంధువులకి 8,000 కిలోమీటర్ల దూరం. హిందూ మహాసముద్రంలో అలాంటిది దొరకడం అదే మొదలు. 2020లో హిప్పోకాంపస్ నలు అని పేరు పెట్టారు. అది ఆమె పేరులోని మాటే. జులూ భాషలో దానికి అర్థం ‘ఇదిగో, ఇక్కడే’. అదే హిందూ మహాసముద్రంలో అండమాన్ ఉంది, లక్షద్వీప్ ఉంది. అక్కడ దిగేవాళ్లలో ఎక్కువమంది తాబేలు కోసం, షార్క్ కోసం నీలం వైపు చూస్తూ నాచు మీదుగా ఈదుకుంటూ పోతుంటారు.